వైజాగ్‌లో వికెట్లు మోకాలి కింద దొరుకుతాయి

మీరు అడిగింది ఇది: "వైజాగ్ స్టేడియం అంటే ధోనీ 148, రోహిత్ సెంచరీలు, కోహ్లీ సెంచరీలే గుర్తొస్తాయి. అది బ్యాటర్ల గ్రౌండేనా? అక్కడ బౌలర్లు చెప్పుకోదగ్గది ఏమైనా సాధించారా? ఐదేసి వికెట్లు తీసినవాళ్ళు ఎవరు?"

ముందు లెక్క చెప్పేస్తాను, తర్వాత అసలు విషయానికి వద్దాం. మధురవాడ దగ్గర పీఎం పాలెంలో ఉన్న ఏసీఏ-వీడీసీఏ స్టేడియంలో 2025 చివరిదాకా జరిగిన పురుషుల టెస్టులు మూడే. ఆ మూడింటిలో ఒక ఇన్నింగ్స్‌లో ఐదు అంతకుమించి వికెట్లు తీసిన సందర్భాలు నాలుగు. 2016లో ఇంగ్లండ్ మీద అశ్విన్ 67 పరుగులిచ్చి 5, 2019లో దక్షిణాఫ్రికా మీద మళ్ళీ అశ్విన్ 145కి 7, అదే మ్యాచ్‌లో షమీ 35కి 5, 2024లో ఇంగ్లండ్ మీద బుమ్రా 45కి 6. వన్డేల్లో 2016లో న్యూజిలాండ్ మీద అమిత్ మిశ్రా 18కి 5, 2023లో మన మీద మిచెల్ స్టార్క్ 53కి 5. అంతర్జాతీయ టీ20ల్లో ఐదు ఎవరికీ దక్కలేదు కానీ అశ్విన్ ఒకసారి 8 పరుగులకే 4 తీశాడు. మహిళల మ్యాచుల సంగతి కింద చెబుతాను.

ఇక మీ మొదటి ప్రశ్న. అది బ్యాటర్ల గ్రౌండే, టెస్టు మొదటి రోజుల్లో. ఆ తర్వాత కాదు.

నేను పన్నెండేళ్ళు వైజాగ్ లీగుల్లో మీడియం పేస్ వేశాను. పెద్ద బౌలర్నేం కాదు, ఇప్పుడు శని, ఆదివారాలు పిల్లలకు కోచింగ్ ఇస్తున్నాను. మొదట్లో నాకో పిచ్చి ఉండేది, బంతిని నేలకేసి బలంగా కొట్టి బ్యాటర్ ఛాతీ దాకా లేపాలని. మా ఊరి వికెట్ల మీద అది లేచేది కాదు. నడుము దాకా కూడా రాకుండా నింపాదిగా బ్యాట్ మీదకి వెళ్ళేది, బ్యాటర్ పుల్ కొట్టేవాడు. ఒక మ్యాచ్‌లో మూడు ఓవర్లలో ముప్పై పైన ఇచ్చాక మా కెప్టెన్ మిడాఫ్ నుంచి అరిచాడు: "ఒరేయ్, ఇక్కడ బంతి పైకి లేవదురా, కిందకే వస్తుంది. స్టంపుల మీద వెయ్యి, మిగతాది పిచ్ చూసుకుంటుంది." ఆ మాట అప్పుడు తిట్టులా అనిపించింది. తర్వాత పెద్ద స్టేడియంలో మూడు టెస్టులు చూశాక, ఆయన చెప్పింది ఆ గ్రౌండ్ బౌలింగ్ చరిత్ర మొత్తానికీ సరిపోతుందని తెలిసింది.

నమ్మకం లేకపోతే స్కోరు కార్డులు తీసి చూడండి. 2016 నవంబర్‌లో ఇక్కడ జరిగిన మొదటి టెస్టు. ఇంగ్లండ్‌కి నాలుగో ఇన్నింగ్స్‌లో 405 లక్ష్యం. కుక్, హమీద్ ఇద్దరూ గెలుపు ఊసెత్తకుండా యాభై ఓవర్ల దాకా వికెట్ ఇవ్వకుండా కూర్చున్నారు. స్కోరు 75. చూసేవాళ్ళకి నిద్రొచ్చే ఆట, కానీ బౌలర్లకి టెన్షన్. అప్పుడు అశ్విన్ వేసిన ఒక బంతి లేవకుండా జారినట్టు వచ్చి, స్టంపులకి తగలాల్సింది హమీద్ కాలికి తగిలింది. ఎల్బీడబ్ల్యూ. ఆ రోజు ఆట ముగిసే ముందు కుక్ కూడా జడేజా బంతికి ఎల్బీడబ్ల్యూ. మర్నాడు రూట్ షమీకి ఎల్బీడబ్ల్యూ, స్టోక్స్ కొత్త కుర్రాడు జయంత్ యాదవ్‌కి బౌల్డ్, అన్సారీ అశ్విన్‌కి బౌల్డ్, బ్రాడ్, అండర్సన్ వరసగా జయంత్‌కి ఎల్బీడబ్ల్యూ. 158కి ఆలౌట్. పదిమందిలో ఏడుగురు ప్యాడ్ మీదో స్టంపుల మీదో అవుటయ్యారు. జయంత్‌కి అదే మొదటి టెస్టు. రెండో ఇన్నింగ్స్‌లో 30కి 3.

అండర్సన్ సంగతి ఇంకా సరదా. మొదటి ఇన్నింగ్స్‌లో అశ్విన్ వేసిన మొదటి బంతికే ఎల్బీడబ్ల్యూ, రెండో ఇన్నింగ్స్‌లో జయంత్ వేసిన మొదటి బంతికే ఎల్బీడబ్ల్యూ. దీన్నే 'కింగ్ పెయిర్' అంటారు. ఇంగ్లండ్ వాళ్ళలో ఒకరికి ఇలా జరిగి అప్పటికి నూరేళ్ళు దాటింది. ఈ అండర్సన్‌ని గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

అదే మ్యాచ్‌లో నాకు బాగా నచ్చిన బౌలింగ్ మాత్రం మనవాళ్ళది కాదు. బ్రాడ్‌కి మొదటి రోజే పాదానికి దెబ్బ తగిలింది, తర్వాతి టెస్టు ఆడలేకపోయాడు కూడా. అలాంటి కాలితో మన రెండో ఇన్నింగ్స్‌లో వచ్చి, వేగం తగ్గించుకుని, బంతిని వేళ్ళతో కోస్తూ స్టంపుల దగ్గర దగ్గరగా వేశాడు. 33 పరుగులకి 4. మన రెండో ఇన్నింగ్స్ 204 దగ్గర ఆగిపోయింది. ఐదు వికెట్ల లిస్టులో లేదు కాబట్టి దాన్ని ఎవరూ తలుచుకోరు. ఈ పిచ్‌ని చదివి వేసిన విదేశీ పేసర్ల స్పెల్స్‌లో దాన్ని నేను మొదట పెడతాను.

2019 అక్టోబర్ టెస్టు ఐదో రోజు ఆదివారం, దసరా ముందు. ఆ రోజు నేను స్టాండ్‌లో ఉన్నాను. అప్పటికి నాలుగు రోజులుగా బ్యాటర్ల పండగే. మయాంక్ 215, రోహిత్ 176, 127, అటు ఎల్గర్ 160, డికాక్ 111. 'ఇలాంటి పిచ్ మీద ఇంక ఫలితం ఏం తేలుతుంది, డ్రాయే' అని పక్కాయన పల్లీలు వలుస్తూ అన్నాడు. దక్షిణాఫ్రికా లక్ష్యం 395.

ముందు అశ్విన్, డిబ్రూయిన్‌ని బౌల్డ్ చేశాడు. అది అతని 350వ టెస్టు వికెట్, 66వ టెస్టులో. అంత తొందరగా ఆ అంకె చేరినవాడు అప్పటికి మురళీధరన్ ఒక్కడే, ఇద్దరికీ సరిగ్గా అన్నే టెస్టులు పట్టాయి. తర్వాత షమీ వచ్చాడు.

బవుమా మామూలుగానే పొట్టివాడు. అతనికి వేసిన బంతి లెంగ్త్ కాస్త వెనకే పడింది. ఇంకెక్కడైనా అది నడుము దాకా లేస్తుంది, వెనక్కి జరిగి ఆడుకోవచ్చు. ఇక్కడ అది లేవలేదు. బవుమా బ్యాట్ దించేలోపు బంతి చీలమండ ఎత్తులో దూరిపోయి స్టంప్ మొదట్లో తగిలింది. స్టాండ్‌లో ఒక్క క్షణం చప్పుడు లేదు, ఏమైందో అర్థంకాక. తర్వాత డుప్లెసిస్ ఒక బంతిని వదిలేద్దామని బ్యాట్ పైకెత్తాడు, అది లోపలికొచ్చి ఆఫ్ స్టంప్‌ని లేపేసింది. ఆపై డికాక్, సున్నాకే బౌల్డ్. మొదటి ఇన్నింగ్స్‌లో సెంచరీ కొట్టినవాడు! పక్కాయన పల్లీల పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంకో పక్క జడేజా ఒకే ఓవర్లో ముగ్గుర్ని తీశాడు. మార్‌క్రమ్ సూటిగా కొట్టిన బంతిని తనే పట్టుకున్నాడు, అదే ఓవర్లో ఫిలాండర్, మహరాజ్ ఎల్బీడబ్ల్యూ. 70 పరుగులకి 8 వికెట్లు. పీట్, ముత్తుసామి ఇద్దరూ 91 పరుగుల భాగస్వామ్యంతో కాస్త విసిగించారు. పీట్‌ని కూడా షమీయే బౌల్డ్ చేశాడు. చివరికి 191. షమీ 35కి 5, అందులో నలుగురు బౌల్డ్. మన దేశంలో జరిగిన టెస్టులో నాలుగో ఇన్నింగ్స్‌లో మన పేసర్ ఐదు తీయడం 1996లో అహ్మదాబాద్‌లో శ్రీనాథ్ తర్వాత అదే మొదటిసారి. మొత్తం పదిలో ఐదు బౌల్డ్, మూడు ఎల్బీడబ్ల్యూ.

మీరు ఈసారి ఏదైనా టెస్టుకి వెళ్తే ఒకటి గమనించండి. బ్యాటర్ని కాదు, వికెట్ కీపర్ గ్లవ్స్‌ని చూడండి. మొదటి రోజు పేసర్ బంతి అతని నడుము దగ్గర అందుతుంది. నాలుగో రోజుకి మోకాళ్ళ దగ్గర, కొన్ని బంతులు నేలకి తగిలి మరీ వస్తాయి. అదే పిచ్, అదే బౌలర్. ఎండకీ ఆటకీ పిచ్ ఎండిపోయి పగుళ్ళు విచ్చుకుంటుంది, బంతి ఒకటి లేస్తే ఇంకోటి లేవదు. అన్నీ లేవకపోతే బ్యాటర్ అలవాటు పడతాడు. ఏది లేవదో తెలియకపోవడమే అసలు ప్రమాదం. అందుకే ఇక్కడ గెలిచినవాళ్ళు వికెట్‌కి అవతల వేసి బ్యాటర్ తప్పు చేస్తాడేమోనని చూడలేదు, సూటిగా వేశారు.

అశ్విన్ 145కి 7 గురించి ఒక మాట. అంకె చూస్తే పరుగులు ఎక్కువిచ్చాడనిపిస్తుంది. 2018 డిసెంబర్ అడిలైడ్ తర్వాత అతనికి అదే మొదటి టెస్టు. వెస్టిండీస్ టూర్‌లో బెంచి మీద కూర్చోబెట్టారు. పిచ్ ఇంకా బాగున్నప్పుడే, అవతలివాళ్ళు 431 కొడుతుంటే, 46 ఓవర్ల పైన వేసి తీసిన ఏడు అవి. అదే ఇన్నింగ్స్‌లో జడేజా ఎల్గర్‌ని అవుట్ చేసి 200వ టెస్టు వికెట్ అందుకున్నాడు, 44వ టెస్టులో. ఎడమచేతి బౌలర్లలో అంత తొందరగా ఎవరూ చేరలేదు. నా లెక్కలో షమీ ఐదు కంటే అశ్విన్ ఏడే కష్టమైన పని. కాకపోతే షమీది చూడ్డానికి బాగుంటుంది. టీవీలో హైలైట్స్‌గా వేసేది కూడా అదే.

ఇప్పుడు బుమ్రా. నేను పైన చెప్పిన సూత్రానికి ఇతను సగం లొంగుతాడు, సగం లొంగడు. 2024 ఫిబ్రవరిలో, జైస్వాల్ 209 కొట్టిన మ్యాచ్. మన 396కి జవాబుగా ఇంగ్లండ్ ఒక వికెట్‌కి 114 దగ్గర హాయిగా ఉంది, క్రాలీ 76 కొట్టాడు. పిచ్‌లో పేసర్లకి ఏమీ లేదు, రెండో రోజే కదా. బుమ్రా పిచ్‌ని పక్కన పెట్టి గాలిని వాడుకున్నాడు. బంతి పాతబడి రివర్స్ అవడం, అంటే గాల్లో మామూలుకి ఎదురు వైపు వంగడం మొదలైంది. రూట్‌కి వేసిన బంతి బయటకి వెళ్తూ అంచు తీసుకుంది, స్లిప్‌లో గిల్ పట్టాడు.

తర్వాత పోప్. ఆ బంతిని మీరు చూసే ఉంటారు. ఆఫ్ వైపు నుంచి వంగుతూ వచ్చి సరిగ్గా పాదాల దగ్గర పడింది. పోప్ బ్యాట్ దిగేసరికి ఆలస్యమైపోయింది, స్టంపులు రెండు చెల్లాచెదురు. మా కోచింగ్ పిల్లలకి ఆ వీడియో ఎన్నిసార్లు చూపించానో లెక్కలేదు. ప్రతిసారీ యార్కర్ చూసి అరుస్తారు. నేను అడిగేది వేరే: దానికి ముందు ఓవర్లలో ఏం వేశాడో చూశారా? ఎవరూ చూసి ఉండరు.

స్టోక్స్ 47 దగ్గర ఉండగా బుమ్రా వేసిన బంతి పిచ్ అయ్యాక కాస్త బయటకి కదిలి, కాస్త కిందుగా వచ్చి స్టంప్‌కి తగిలింది. స్టోక్స్ బ్యాట్ కింద పడేసి 'నేనేం చెయ్యను' అన్నట్టు రెండు చేతులూ చాపాడు. అది బుమ్రా 150వ టెస్టు వికెట్, 34వ టెస్టులో. మన పేసర్లలో అంత తక్కువ టెస్టుల్లో ఎవరూ అక్కడికి చేరలేదు. ఆఖరి వికెట్ ఎవరిదనుకున్నారు? అండర్సన్‌ది. ఎల్బీడబ్ల్యూనే. వైజాగ్‌కీ ఆయన ప్యాడ్‌కీ ఏదో పాత లెక్క ఉంది మరి.

కానీ ఆయన్ని నవ్వులాటగా వదిలేస్తే అన్యాయం. అప్పటికి 41 ఏళ్ళ వయసు. మొదటి ఇన్నింగ్స్‌లో 47కి 3 తీశాడు. రెండో ఇన్నింగ్స్‌లో రోహిత్‌ని బౌల్డ్ చేసిన బంతి ఉంది చూశారా, కొంచెం బయటికి కదిలి ఆఫ్ స్టంప్‌ని తాకింది. ఏడేళ్ళ క్రితం ఇదే గ్రౌండ్‌లో రెండుసార్లు మొదటి బంతికే వెళ్ళిపోయిన మనిషి. బుమ్రా రెండో ఇన్నింగ్స్‌లో ఇంకో 3 తీసి మ్యాచ్ మొత్తంలో 91కి 9 దగ్గర ముగించాడు, మనం 106 పరుగులతో గెలిచాం. ఆ టెస్టు అయిన వెంటనే ఐసీసీ టెస్టు ర్యాంకింగుల్లో బుమ్రా నంబర్ వన్ అయ్యాడు, మన పేసర్లలో మొదటివాడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. మూడు టెస్టుల్లోనూ టాస్ మనమే గెలిచాం, మూడుసార్లూ మొదట బ్యాటింగ్ చేశాం. అంటే పిచ్ పాడైన నాలుగో ఇన్నింగ్స్‌లో బౌలింగ్ చేసే అవకాశం విదేశీ బౌలర్లకి ఒక్కసారి కూడా రాలేదు. టెస్టుల్లో ఐదు వికెట్ల లిస్టులో అన్నీ మన పేర్లే ఉండటానికి సగం కారణం అది. మనవాళ్ళు గొప్పగా వేయలేదని కాదు, టాస్ అటుపడి ఉంటే లిస్టులో రషీద్ పేరో మహరాజ్ పేరో ఉండేదేమో.

వన్డేలు, టీ20లు కథ వేరు, అక్కడ పిచ్ చెడిపోయేంత టైమ్ ఉండదు. అయినా 2016 అక్టోబర్ 29 రాత్రి ఏం జరిగిందో చూడండి. సిరీస్ 2-2. మన ఆటగాళ్ళు అమ్మల పేర్లు జెర్సీల వెనక వేసుకుని దిగారు. మనం కష్టపడి 269 చేశాం, పిచ్ నెమ్మదిగా ఉంది. న్యూజిలాండ్ 2 వికెట్లకి 63 దగ్గర ఉంది. అక్కణ్ణుంచి 16 పరుగుల్లో ఎనిమిది వికెట్లు, 79కి ఆలౌట్. మిశ్రా వేసింది ఆరు ఓవర్లే, 18కి 5. అతని బౌలింగ్‌లో వేగం ఉండదు, గాల్లో వేలాడినట్టు వస్తుంది, నెమ్మది పిచ్ మీద పడితే ఇంకా ఆగుతుంది. బ్యాటర్ ముందే ఆడేసి చూసుకుంటే వెనక బెయిల్స్ ఉండవు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అతనే, మ్యాన్ ఆఫ్ ద సిరీస్ అతనే. ఆ తర్వాత మన దేశం తరఫున అతను మరో వన్డే ఆడలేదు. అదే ఆఖరిది. ఎందుకు అని నన్నడగొద్దు, నాకు ఇప్పటికీ కోపమే.

అదే ఏడాది ఫిబ్రవరిలో శ్రీలంకతో టీ20. కొత్త బంతి అశ్విన్ చేతికిచ్చారు. మొదటి ఓవర్లోనే ఇద్దరు, మొత్తం నాలుగు ఓవర్లలో 8కి 4. శ్రీలంక 82. ఆట ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో తెలియలేదు.

కుల్దీప్ హ్యాట్రిక్ కూడా ఇక్కడిదే, 2019 డిసెంబర్‌లో వెస్టిండీస్ మీద. హోప్ బౌండరీ దగ్గర కోహ్లీకి క్యాచ్, హోల్డర్‌ని పంత్ స్టంపౌట్, జోసెఫ్ స్లిప్‌లో జాదవ్‌కి క్యాచ్. మొదటి హ్యాట్రిక్ 2017లో కోల్‌కతాలో ఆస్ట్రేలియా మీద. వన్డేల్లో రెండు హ్యాట్రిక్‌లు తీసిన మొదటి భారతీయుడు అతనే. ఆ మ్యాచ్‌లో రోహిత్ 159 కొట్టాడు కాబట్టి పేపర్లలో ఫోటో అతనిదే పెద్దది.

స్టార్క్ 2023 మార్చిలో చేసింది మాత్రం మనకి చేదు. గిల్, రోహిత్, సూర్యకుమార్, రాహుల్, చివర్లో మన హైదరాబాదీ సిరాజ్. సూర్యకుమార్ మొదటి బంతికే ఎల్బీడబ్ల్యూ, అంతకు ముందు మ్యాచ్‌లో ఎలా అవుటయ్యాడో అచ్చం అలాగే. మనం 26 ఓవర్లలో 117, వాళ్ళు 11 ఓవర్లలో వికెట్ పోకుండా కొట్టేశారు. వంద ఓవర్ల మ్యాచ్ 37 ఓవర్లలో సరి. టికెట్ కొని వెళ్ళినవాళ్ళలో సగం మంది బిరియానీ తినేలోపే బయటకొచ్చారు. స్టార్క్‌కి ఈ ఊరు పడినట్టుంది, 2025 మార్చిలో ఐపీఎల్‌లో ఢిల్లీ తరఫున సన్‌రైజర్స్ మీద 35కి 5 తీసింది కూడా ఇక్కడే. ఐపీఎల్ అంటే గుర్తొచ్చింది, 2016లో పుణె తరఫున ఆడం జంపా సన్‌రైజర్స్ మీద 19కి 6 తీసి కూడా ఓడిపోయాడు, నాలుగు పరుగుల తేడాతో. ఇవి అంతర్జాతీయ లెక్కల్లోకి రావు, మీ కుతూహలం కోసం చెప్పాను.

మహిళల ప్రపంచకప్, 2025 అక్టోబర్ 12. మనం 4 వికెట్లకి 294 దగ్గర ఉన్నాం, 360 వస్తుందనుకున్నాం. సదర్లాండ్ వచ్చి వేగం మార్చి మార్చి వేసింది, 330కే ఆలౌట్, ఆమెకి 40కి 5. హీలీ 142 కొట్టి ఆ లక్ష్యాన్ని ఛేదించింది. ఆ పరుగుల వరదలో 41 పరుగులే ఇచ్చి 3 తీసిన అమ్మాయి మన కడప జిల్లా శ్రీచరణి, హీలీని అవుట్ చేసింది కూడా ఆమే. గెలిచిన మ్యాచ్ అయ్యుంటే ఆ స్పెల్ గురించి ఊరూరా చెప్పుకునేవాళ్ళు. మరుసటి నెలలో మనమ్మాయిలు కప్పు ఎత్తారు, ఆ జట్టులో ఆమె ఉంది, అది చాలు.

చివరగా, ఎవరైనా క్విజ్‌లో "వైజాగ్‌లో అంతర్జాతీయ వన్డేలో మొదటిసారి ఐదు వికెట్లు తీసిందెవరు?" అని అడిగితే మిశ్రా అని చెప్పకండి, పప్పులో కాలేసినట్టే. కొత్త స్టేడియం రాకముందు మ్యాచులు ఊళ్ళోని ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో జరిగేవి. 1988 డిసెంబర్ 10న న్యూజిలాండ్ మీద అక్కడ 27 పరుగులకి 5 తీసింది కృష్ణమాచారి శ్రీకాంత్. అవును, ఓపెనర్ శ్రీకాంతే. అదే మ్యాచ్‌లో 70 కూడా కొట్టాడు.